హక్కు వేరు, దయ వేరు

నేను విద్యార్థిగా ఉన్న దినాలలో ఒక వసతిగృహంలో రంజాన్ మాసమంతా రాత్రి మిగిలిన చద్దన్నంతోనే సహరీ ముగించేవాళ్ళం. వేడి అన్నం ఏర్పాటు చేయమని ఒక్క అర్జీ అయినా వ్రాయలేదు. ఆ కోర్కె హక్కో, కాదో ఇప్పుడు వాదించను. అడుగవచ్చునన్న సంగతియే మాకు తెలియకపోవడం నా బాధ.

మతస్వేచ్ఛ ఎవరో దయదలచి ఇచ్చిన వరం కాదు. రాజ్యాంగం 25వ అధికరణంలో దానిని పౌరులకు మాత్రమే గాక వ్యక్తులందరికీ సమానంగా ప్రసాదించింది. ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యం మొదలైన హద్దులు కూడ అక్కడనే ఉన్నాయి. హద్దులు తెలిసినవాడే హక్కును నిబ్బరంగా అడుగగలడు.

1985లో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలను పాఠశాల నుండి తొలగించారు. జాతీయగీతం పాడేవేళ వారు గౌరవంగా లేచి నిలిచేవారు; తమ విశ్వాసం ఒప్పనందున పాడేవారు కాదు. హైకోర్టులో ఓడినా వారు వెనుదీయలేదు. 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకొనవలసిందని ఆదేశించింది. గౌరవంగా నిలుచున్నవారు పాడనంత మాత్రాన అగౌరవపరచినట్లు కాదన్నది. ఆ తీర్పు వెలువరించినవారు లోగడ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు. విశ్వాసం మన బుద్ధికి నచ్చుతుందా అన్నది గాక, అది నిష్కపటమైనదా అన్నదే ప్రశ్న అని వారు స్పష్టం చేశారు.

ఆ కుటుంబం రాళ్ళు రువ్వలేదు, ఎవరినీ దూషించలేదు. న్యాయస్థానం మెట్లెక్కింది, అంతే. ఆ పిల్లలు మన మతంవారు కారు. అయినా ఆ తీర్పు నీడ మనమీద కూడ ఉన్నది.

ఇక్కడ మనకొక కర్తవ్యం ఉన్నది. 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు స్థాపించి నిర్వహించుకొనే హక్కునిచ్చింది. అయితే ప్రభుత్వ గుర్తింపుగాని, సహాయంగాని పొందే సంస్థలో ఏ విద్యార్థినీ అతని సమ్మతి లేక మతబోధకు, ప్రార్థనకు హాజరు కమ్మని నిర్బంధించరాదని 28వ అధికరణం శాసిస్తున్నది. మన ప్రక్క బల్లమీద కూర్చొన్న హిందూ, క్రైస్తవ సోదరుల హక్కును మనం కాపాడనినాడు, మన హక్కును కాపాడమని అడిగే నోరు మనకుండదు.

విద్యార్థులారా! 25 నుండి 30 వరకు గల ఆరు అధికరణాలు ఒక్క సాయంత్రంలో చదువదగినవి. చదవండి. అర్జీ వ్రాయవలసిననాడు వినయంగా, తల వంచకుండా వ్రాయండి. మావలె చద్దన్నంతో సరిపెట్టుకొని మిన్నకుండకండి.