దెయ్యం బొమ్మకు ఎవరి ముఖం పెడుతున్నాం?

అక్టోబరు నెలాఖరు వస్తే చాలు, బెంగళూరు అపార్ట్‌మెంట్లలో హాలోవీన్ సందడి మొదలవుతుంది. మా సంఘం యౌవనస్థులు కొందరు తమ అపార్ట్‌మెంట్ పిల్లలతో కలిసి బొమ్మ చేశారు. పనితనం ముచ్చటగానే ఉంది. బెలూన్ ఊది, పాత పేపరు ముక్కలు మైదా జిగురుతో పొరలు పొరలుగా అంటించి, ఆరాక బెలూన్ పగలగొట్టి తల తయారుచేశారు. అట్టపెట్టెలతో ఒళ్లు, తీగతో వేళ్లు, నల్ల చెత్త కవర్లతో చీర. ముఖానికి నల్లరంగు, వంకర ముక్కు, ఊడిన పళ్లు, నెరిసిన జుట్టు, చేతిలో చీపురు. మంత్రగత్తె అన్నారు. గేటు దగ్గర నిలబెట్టారు.

పొద్దున్నే హౌస్‌కీపింగ్ అమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. ఒక పిల్లవాడు ఆమెనూ బొమ్మనూ చూపించి "సేమ్ సేమ్!" అని అరిచాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు నన్ను ఇంకా వదల్లేదు.

పాస్టరు కాబట్టి "హాలోవీన్ సాతాను పండుగ" అంటానని మీరు అనుకోవచ్చు. నేను అనను. సకల పరిశుద్ధుల దినమైన నవంబరు 1కి ముందు రాత్రి అని దాని పేరుకు అర్థం. కాగితానికీ జిగురుకీ దెయ్యాన్ని రప్పించే శక్తి లేదు. విగ్రహం వట్టిదని పౌలు కొరింథీయులకు చెప్పనే చెప్పాడు. నా తగాదా వేరు. భయంకరమైనది చేయమంటే మన చేతులు ఎవరి ముఖం చేస్తున్నాయి?

ఆ మంత్రగత్తె బొమ్మ పుట్టిన దేశాల చరిత్ర చూడండి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో సేలం అనే ఊరుంది. 1692లో అక్కడ మంత్రగత్తెల వేట మొదలైంది ఎక్కడో కాదు, పాస్టరు ఇంట్లోనే. మొదట నింద పడిన ముగ్గురిలో టిటూబా ఆ పాస్టరు ఇంటి బానిస. సారా గుడ్ అడుక్కుని బతికేది. సారా ఆస్బోర్న్ రోగి. చివరికి 19 మందిని ఉరితీశారు, ఒక ముసలాయనను బరువైన రాళ్ల కింద పెట్టి చంపారు. ఇదంతా చేసింది బైబిలు చదివే మన విశ్వాసులే. ఈరోజు అదే ఊళ్లో హాలోవీన్‌కు జనం కిక్కిరిసిపోతారు. పోలీసు కార్ల మీద చీపురెక్కిన మంత్రగత్తె బొమ్మ ఉంటుంది.

అది పాత కథ, పరాయి దేశం అంటారా? ఒడిశా, మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో చేతబడి, మంత్రాల పేరిట జరిగే దారుణాల మీద చట్టాలు ఎందుకు చేయాల్సివచ్చింది? మహారాష్ట్రలో ఆ చట్టం కోసం ఏళ్ల తరబడి పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను అదే 2013లో పుణెలో కాల్చి చంపారు. బాణామతి చేసిందని స్త్రీలను కొట్టి చంపిన వార్తలు తెలంగాణ పల్లెలకు కొత్త కాదు.

మనం కూడా శుద్ధులం కాదు. జ్వరం తగ్గకపోతే "ఎవరో చేయించారు" అనే గుసగుస మన ప్రార్థన కూటాల్లోనే వినబడుతుంది. వేలు మాత్రం ఒంటరి విధవరాలి వైపు వెళుతుంది. ఆ అనుమానాన్ని ఆర్పాల్సిన సేవకులు కొందరు మైకు పట్టుకుని దానికి నూనె పోస్తున్నారు.

ఇక ఆ చీపురు. పీష్వాల పుణెలో అంటరానివాళ్లు తమ అడుగుజాడలను తుడిచేలా నడుముకు చీపురు కట్టుకోవాల్సి వచ్చేదని అంబేడ్కర్ రాశారు. ఇప్పటికీ బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది తెలుగు దళితులు, మనవాళ్లు. కట్టే ఇళ్ల ముందు వేలాడే దిష్టిబొమ్మల్లోనూ చాలావాటికి అదే నల్లటి ముఖం. అందరికీ భయపెట్టేదిగా కనిపిస్తున్నది మన నాయనమ్మ రంగు, మన అమ్మ పనిముట్టు.

"పిల్లల ఆట, పాస్టరుగారూ" అంటారు. నిజమే. కానీ ఎవరిని చూసి భయపడాలో, ఎవరిని చూసి నవ్వాలో పిల్లలు ఆటలోనే నేర్చుకుంటారు. యోహాను 8వ అధ్యాయం తెరవండి. ప్రభువును తిట్టాలనుకున్నవాళ్లు ఆయనను సమరయుడనీ దెయ్యం పట్టినవాడనీ ఒకే మాటలో అన్నారు. కులం తక్కువ అనడానికీ దెయ్యం అనడానికీ మధ్య ఎంత దూరమో అక్కడే తెలుస్తుంది. మనం ఆరాధిస్తున్నది ఆ పేరు మోసిన ప్రభువునే.

నా మాట విన్నాక మావాళ్లు బొమ్మ చేతిలోంచి చీపురు తీసేశారు. అది చాలదన్నాను. ఇద్దరు వెళ్లి ఆ అమ్మను క్షమాపణ అడిగారు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, బొమ్మలు చేయడం మానమని నేను చెప్పను. చేతనైతే అసలు రాక్షసులను చేయండి. 2013 చట్టం వద్దన్నా మనుషులను ఇంకా మింగుతున్న మ్యాన్‌హోల్‌కు నోరూ కోరలూ పెట్టండి. కట్నానికి కొమ్ములు పెట్టండి. వడ్డీ లెక్కల పుస్తకానికి గోళ్లు పెట్టండి. సేలం వేటలో దోషిగా ముద్రపడి మిగిలిపోయిన చివరి స్త్రీ ఎలిజబెత్ జాన్సన్ పేరును 2022లో ఆ రాష్ట్రం నిర్దోషిగా ప్రకటించింది. అందుకోసం పట్టుబట్టింది ఒక టీచరు, ఆమె బడిపిల్లలు. మూడు వందల ఏళ్ల నాటి ముద్రను వాళ్లు తుడవగలిగారు. మన గేటు దగ్గర పడిన ముద్రను మనం తుడవలేమా?

వచ్చే అక్టోబరులో ఆ గేటు దగ్గర ఏ బొమ్మ నిలబెట్టినా సరే, దాన్ని చూసి ఆ అమ్మ తన అవమానాన్ని నవ్వుతో దాచుకోవాల్సిన అవసరం రాకూడదు.