తొలి రోగిని గుర్తుపట్టేదెవరు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు మూడేళ్లకు పైగా బేరాలాడి 2025 మేలో మహమ్మారుల ఒప్పందాన్ని ఆమోదించాయి. టీకాల పంపకం, వైరస్ నమూనాల మార్పిడి అన్నీ అందులో ఉన్నాయి. కావలసినవే. అయినా కొత్త వైరస్ ముందుగా చేరేది ఏదో తాలూకా ఆసుపత్రికి, జ్వరంతో మంచమెక్కిన మనిషి వెంట. అతనికి సోకిందేమిటో అక్కడివాళ్లు ఎంత త్వరగా తేల్చుకోగలరన్నదే మన సన్నద్ధతకు అసలు కొలత.

నిపా వైరస్ చరిత్ర చూడండి. 2001లో సిలిగురిలో 66 మందికి సోకితే 45 మంది పోయారు. బాధితుల్లో నాలుగింట మూడొంతుల మంది ఆసుపత్రుల్లో మసలినవాళ్లే. అది నిపా అని తేల్చిన పరిశోధన అచ్చయ్యేసరికి 2006 వచ్చింది! 2018లో కోజికోడ్‌లోనూ తొలి రోగి ఏ జబ్బో తెలియకుండానే చనిపోయాడు; ఆ తర్వాత మంచాన పడ్డవారిలో అత్యధికులకు ఆసుపత్రుల్లో అతని నుంచే అంటుకుంది. తేడా అతని అన్న దగ్గర వచ్చింది. ఒకే ఇంట్లో రెండో మెదడువాపు ఏమిటని వైద్యులకు అనుమానం వచ్చింది. నమూనా మణిపాల్ ల్యాబ్‌కు వెళ్లింది, పుణె జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది, అంతా రోజుల్లోనే. 17 మంది మరణించినా గొలుసు తెగింది. మరుసటి ఏడాది ఎర్నాకుళంలో ఒక్క విద్యార్థితోనే ఆగిపోయింది, అతనూ బతికాడు. ఇదంతా టీకా లేకుండానే.

నిపా కొవిడ్‌లా సులువుగా పాకదు కాబట్టే ఆపగలిగారని అనవచ్చు. నిజమే, లక్షణాలు కనబడకముందే అంటుకునే వైరస్‌ను ఒక జిల్లా యంత్రాంగం కట్టడి చేయలేదు. కానీ వుహాన్‌లో అంతుచిక్కని న్యుమోనియాను ముందు పసిగట్టిందీ ఆసుపత్రి వైద్యులే. వాళ్లలో హెచ్చరించినవారికి పోలీసుల మందలింపు దక్కింది. టీకా తయారీకి కావలసిన జన్యుక్రమమైనా రోగి నమూనా నుంచే రావాలి కదా.

ఇక ఖర్చు. జ్వరాల సీజన్‌లో వచ్చే ప్రతి రోగికీ ఖరీదైన పరీక్షలు చేయలేమన్నది సబబైన అభ్యంతరమే. ప్రతి ఒక్కరికీ అక్కర్లేదు. కారణం తెలియని మెదడువాపు, ఒకే ఇంట్లో వరుసగా తీవ్ర జ్వరాలు, వైద్యం చేసిన సిబ్బందే పడకెక్కడం: ఈ మూడు చోట్ల వదలకుండా వెతికితే చాలావరకు దొరుకుతుంది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి 183 మంది చనిపోయారు. కారణం చాందీపుర వైరస్ అని పుణె పరీక్షల్లో తేలింది. అది 1965లోనే మహారాష్ట్రలో దొరికిన పాత వైరస్! అందుకే కొత్త మెడికల్ కాలేజీల సంఖ్య చెప్పుకునే రెండు తెలుగు ప్రభుత్వాలూ వాటిలో ఎన్నిటికి వైరాలజీ ల్యాబ్ ఉందో, ఏజెన్సీ ఆసుపత్రిలో రాత్రి తీసిన నమూనా ఎన్ని గంటల్లో అక్కడికి చేరుతుందో, ఫలితం తిరిగి ఆ డ్యూటీ డాక్టరుకు ఎప్పుడు అందుతుందో కూడా లెక్క చెప్పాలి.