సగము ప్రీమియంనాడు తెలిసినది పూర్తి నష్టమునాడు తెలియదా?

ప్రమాదమున తునాతునకలైన కారునకు బీమా సొమ్ము లెక్కగట్టునపుడు, కాళ్లు స్వాధీనములో లేని యజమాని తన కొరకు అమర్చించుకొన్న పరికరములకు, అనగా బ్రేకును యాక్సిలరేటరును చేతితోనే నడుపు లీవరునకు, స్టీరింగునకు బిగించిన పిడికి, వెలుపలికి తిరుగు సీటునకు చిల్లిగవ్వ విలువయైనను కట్టక, "షెడ్యూలులో విడిగా చూపలేదు" అను ఒక్క మాటతో ఫైలు మూసివేయు పద్ధతి అన్యాయమైనది. ఆ పద్ధతిని సమర్థించుచు, ముందుగా ప్రకటించుకొనని దోషము యజమానిదేయని హితవు చెప్పువారి వాదము అంతకన్న అన్యాయమైనది. బీమా ఒప్పందము పరమ విశ్వాసముపై నిలుచునదని, దాచినవాడు నష్టపోవలసినదేనని వారు సూత్రము వల్లించెదరు. దాచినదెవరు? ఈ ప్రశ్నకు సమాధానము వారు వెదకినట్లు కనబడదు.

వెదకియున్నచో 2002 నాటి భారత మోటారు టారిఫ్‌లోని ఒక సాధారణ నిబంధన వారి కంటబడియుండెడిది. అంధుల, వికలాంగుల, మానసిక వైకల్యము గలవారి ఉపయోగార్థము ప్రత్యేకముగా నిర్మించిన లేక మార్పు చేసిన వాహనమునకు, ఆ మార్పు రవాణా అధికారిచే ఆర్.సి.లో నమోదైయున్న పక్షమున, స్వంత నష్టపు ప్రీమియంలో నూటికి 50 వంతులు తగ్గించవచ్చునని ఆ నిబంధన చెప్పుచున్నది. ఆ తగ్గింపును పాలసీకి జతపరచు ఎండార్సుమెంటు పేరు ఐ.ఎం.టి.-12. ధరల కట్టుబాటు 2007 జనవరితో సడలినను, ఆ తగ్గింపునకు సంబంధించిన ప్రశ్న ప్రపోజల్ ఫారములలో నేటికిని కనిపించుచునే యున్నది. వాహనము వికలాంగుల కొరకు మార్పబడినదా, ఆ మార్పును రవాణా అధికారి నమోదు చేసెనా యని కంపెనీ తానే అడుగును; అవునని వ్రాసిన పిదప, ఆర్.సి. చూచిన పిదప, ప్రీమియం సగము చేయును. నూటికి 50 వంతుల తగ్గింపు కంటికి కనబడని లెక్క కాదు. మార్పు జరిగినదని తెలియనిదే ఆ తగ్గింపు లేదు. తగ్గింపు ఇచ్చినచోట తెలియదనుటకు తావు లేదు.

అదే ఫారములో పాటలు వినిపించు యంత్రమువంటి విద్యుత్ పరికరముల విలువకు ఒక గడి కలదు. గ్యాసు కిట్టునకు మరియొక గడి కలదు. విద్యుత్తుతో పనిలేని ఇతర ఉపకరణములకు వేరొక గడి కలదు. విజయవాడ ఆటోనగరులో చాసిస్‌పై బాడీ కట్టించుకొన్న లారీ యజమాని ఆ బాడీ విలువను కూడ బీమా విలువలో చేర్చించుకొనును. అది అందరికిని సహజముగనే తోచును. వికలాంగుని లీవరును ఆ ఇతర ఉపకరణముల గడిలో వ్రాసికొనవచ్చును గదా యని కంపెనీల తరఫువారు అనవచ్చును. వ్రాసికొనవచ్చును, వ్రాసికొనినవానికి వివాదమే లేదు. కాని మార్పును గూర్చి తానే ప్రశ్నించి, సమాధానమునుబట్టి రేటు మార్చిన కంపెనీ, దాని విలువ యెంతయని మాత్రము ఆ ప్రశ్న ప్రక్కనే అడుగకుండుట యజమాని అపరాధమెట్లగును? వలసిన పత్రములను పాలసీ యిచ్చునాడే అడుగవలెనని, పత్రము లేదను నెపమున క్లెయిము నిరాకరింపరాదని బీమా నియంత్రణ సంస్థ 2024 జూన్ నాటి మాస్టర్ సర్క్యులరులో స్పష్టము చేసియున్నది. పరికరములు కొన్న రసీదులు నష్టము జరిగిన పిమ్మట అడుగుచు, లేవన్నంతనే సున్న వేయు సర్వేయరులు ఆ సర్క్యులరును చదివియుండిన బాగుండెడిది.

షోరూము వెలుపల అల్లాయ్ చక్రములు, ఖరీదైన స్పీకర్లు బిగించుకొని, వాటిని ప్రకటింపక, ప్రమాదానంతరము లక్షలు కోరువాని విషయమున కంపెనీల వాదము న్యాయమే. ఆ విలువపై అతడు ప్రీమియం చెల్లింపలేదు, కంపెనీ ఎరుగదు, ఎరుగుటకు మార్గమును లేదు. వికలాంగుని విషయమున ఈ మూడింటిలో కడపటి రెండును అబద్ధములు. మొదటిది కూడ ఎంత స్వల్పమో ఉదాహరణకు చూడుడు. 8 లక్షల జాబితా ధర గల కారు రెండేండ్లు దాటి మూడవ యేట నడుచుచున్నచో, నూటికి 30 వంతులు తరుగు పోగా బీమా విలువ 5,60,000 రూపాయలు. అందు అమర్చిన పరికరములు 60,000 అనుకొన్నను, అదే తరుగు పోగా మిగులునది 42,000. విద్యుత్ పరికరములకు టారిఫ్ విధించిన నూటికి 4 వంతుల రేటు దీనికిని వర్తించునన్నను, అదనపు ప్రీమియం 1,680 రూపాయలకు మించదు. ఆ ప్రీమియం బాకీయున్నదందురేని, పరిహారమునుండి మినహాయించుకొని తక్కినది చెల్లింపుడు. 1,680 రాలేదని 42,000 ఎగవేయుటను ఏ లెక్కయు సమర్థింపదు.

నిజమునకు వికలాంగుని నష్టము 42,000తో తీరునది కాదు. మరమ్మతు వ్యయము బీమా విలువలో నూటికి 75 వంతులు మించినచో వాహనమును పూర్తి నష్టముగా పరిగణింతురు. సామాన్యుడు ఆ సొమ్ముతో మరియొక కారు కొని మరునాడే నడుపుకొనగలడు. 2019 సవరణతో మోటారు వాహనముల చట్టమున 'అడాప్టెడ్ వెహికల్' అను తరగతి నిర్వచింపబడినది. కేవలము ఆ తరగతి లైసెన్సు గలవాడు మార్పులేని కారును చట్టప్రకారము నడుపజాలడు. అతడు క్రొత్త కారు కొని, పరికరములు బిగించు నిపుణుని వెదకి, రవాణా కార్యాలయమున తనిఖీ చేయించి, ఆర్.సి.లో మరల నమోదు చేయించుకొనువరకు ఉద్యోగమునకు, ఆసుపత్రికి పరాధీనుడై పోవలెను. అతనికి పరికరము కారుపై తగిలించిన అలంకారము కాదు; పరికరము లేనిదే అది అతనికి కారే కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 41వ సెక్షనులో, వారి సంచారమునకై రాయితీలతోపాటు వాహనములకు పరికరములు అమర్చు పథకములను కూడ ప్రభుత్వములు చేపట్టవలెనని శాసించినది. రెండు తెలుగు ప్రభుత్వములును మూడు చక్రములుగా మార్చిన మోటారు వాహనములను పంచుచున్నవి. ప్రభుత్వము హక్కుగా గుర్తించి, తన ధనముతో చేయించుచున్న మార్పునకు బీమా కంపెనీ విలువ లేదనుట ఎట్లు చెల్లును?

వాహనము పూర్తిగా నష్టమైనపుడు, పాలసీ యిచ్చునాడు తాను అంగీకరించిన విలువను కంపెనీ పిమ్మట తన ఇచ్చవచ్చినట్లు తగ్గింపరాదని సుప్రీంకోర్టు 2008లో చెప్పినది. షెడ్యూలులో లేని పరికరము విలువను నిరాకరించుటకు ఈ తీర్పునే కొందరు తిరగవేసి వాడుకొందురు: ఒప్పుకొన్న విలువ ఒప్పుకొన్నదే యని. కాని ఆ తీర్పు మందలించినది, కట్టించుకొనునాడు ఒక మాట, చెల్లించునాడు ఒక మాట చెప్పు కంపెనీనే. సగము ప్రీమియం నాడు మార్పును ఒప్పుకొని, పూర్తి నష్టము నాడు కాదను కంపెనీ సరిగా ఆ స్థానముననే నిలుచుచున్నది. సర్వేయరు నివేదిక ఇరుపక్షములలో ఎవ్వరినిగాని బంధించు తుదిమాట కాదని అదే న్యాయస్థానము 2009లో మరియొక వాహనపు కేసున తేల్చినది. కావున సర్వేయరు వేసిన సున్నకు ఎవ్వరును తలయొగ్గ నక్కరలేదు.

ఇట్టి నిరాకరణ పొందినవారు "ఫుల్ అండ్ ఫైనల్" వోచరుపై సంతకము చేయకముందే తమ పాలసీలో ఐ.ఎం.టి.-12 ఉన్నదేమో చూచుకొనవలెను. ఉన్నచో ఆ పుటను, ఆర్.సి. నకలును జతచేసి కంపెనీ ఫిర్యాదుల విభాగమునకు వ్రాసి, ఆపైన ఏడాది లోపుగా హైదరాబాదులోని బీమా ఆంబుడ్స్‌మన్‌కు నివేదించుకొనవలెను. రుసుము లేదు, వకీలు అక్కరలేదు, 50 లక్షల వరకు పరిహారము నిర్ణయించు అధికారము ఆ పదవికి కలదు. కాని నడువలేని మనిషిని కార్యాలయముల చుట్టు త్రిప్పుటయే మనము చూపగల ఉపాయమైనచో, అది వ్యవస్థకు సిగ్గుచేటు. ఆ ప్రశ్న ప్రక్కన విలువ యెంతయను గడి నొకటి చేర్చుటకును, చేర్చనంతకాలము ఆర్.సి.లో నమోదైన మార్పును బీమా విలువలో అంతర్భాగముగా ఎంచుటకును పార్లమెంటు సమావేశము కానక్కరలేదు. నానక్‌రామ్‌గూడలో కూర్చున్న నియంత్రణాధికారుల ఉత్తరువు ఒక్కటి చాలును. నూటికి 50 వంతుల లెక్క 2002 నాటి టారిఫ్ పుస్తకముననే యున్నది. ఇది చూచియు ఉత్తరువు వెలువరింపనిచో, వికలాంగునికి ఆ రాయితీ నిచ్చినది అతని మేలు కొరకా, లేక క్లెయిము నాడు అతనిని రిక్తహస్తములతో పంపుటకా యన్నది వారే బహిరంగముగా చెప్పవలెను.