స్టేట్ ట్యాక్స్ లేదు సరే, తరవాత?

అమెరికాలో తెలుగువాళ్ళు నలుగురు కూడిన చోట ఉద్యోగం మారే మాట వస్తే చాలు, ఎవరో ఒకరు "డాలస్ వెళ్ళిపోండి, అక్కడ స్టేట్ ట్యాక్స్ లేదు" అంటారు. ఇళ్ళు అమ్మే ఏజెంట్ల నోట మొదట వచ్చేదీ అదే. అది అబద్ధం కాదు. టెక్సాస్ జీతాల మీద పన్ను వేయదు. ఇకముందు కూడా వేయకుండా 2019లో రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకుంది. నా పేచీ అంతా ఆ వెంటనే వచ్చే రెండో మాటతోనే: "ఆ డబ్బంతా మిగులే!"

నార్త్ కరోలినాలోని కేరీని తీసుకుందాం. అక్కడా మనవాళ్ళు బాగానే ఉన్నారు. ఇద్దరూ కలిసి ఏటా 2 లక్షల డాలర్లు సంపాదించే దంపతులు, 2025 రేటు 4.25 శాతం చొప్పున, స్టాండర్డ్ డిడక్షన్ పోగా రాష్ట్రానికి 7,400 డాలర్ల దాకా కడతారు. ఫెడరల్ ట్యాక్స్, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ రేట్లు ఎక్కడున్నా అవే. కాబట్టి పేచెక్కులో తేడా ఆ ఏడు వేల చిల్లరే.

ఇక ఇంటి సంగతి. కేరీలో కౌంటీ పన్ను, ఊరి పన్ను కలిపినా ఇంటి విలువలో ఒక శాతం లోపే. డాలస్‌కు ఉత్తరాన స్కూలు, ఊరు, కౌంటీ, కాలేజీ అన్నీ కలిస్తే ఒకటిన్నర శాతం దాటుతుంది. కాలనీకి నీళ్ళు, డ్రైనేజీ వేసిన అప్పు తీర్చడానికి మడ్ ట్యాక్స్ కూడా ఉంటే రెండు శాతమూ దాటొచ్చు. సొంత ఇంటికి స్కూలు పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి ఇచ్చే 1,40,000 డాలర్ల మినహాయింపు తీసేసినా, 6 లక్షల ఇంటి మీద కేరీ కంటే మూడు నుంచి ఐదు వేల దాకా ఎక్కువ పడుతుందని నా అంచనా. పైన వడగళ్ళ వానల పుణ్యమా అని బీమా ప్రీమియం. మిగిలిందనుకున్న డబ్బు చూసుకుని మనవాళ్ళు మీడియా రూమున్న ఇల్లే కావాలంటారు కదా, ఆ గదికీ పన్నే.

కొత్త ఇల్లు కొన్నవాళ్ళకు ఇంకో దెబ్బ ఉంది. జనవరి 1న ఇల్లు లేచి ఉండకపోతే ఆ ఏడాది పన్ను ఖాళీ స్థలానికే పడుతుంది. నెలవారీ వాయిదా తక్కువగా కనిపిస్తుంది, అందరికీ గొప్పగా చెప్పుకుంటారు. మరుసటి ఏడు పూర్తి ఇంటికి పన్ను వేశాక, పన్ను కోసం వాయిదాతో కలిపి కట్టించుకునే ఎస్క్రోలో లోటు పడిందని బ్యాంకు ఉత్తరం వస్తుంది. పాత లోటు, కొత్త పన్ను కలిపి వాయిదా ఒక్కసారిగా వందల డాలర్లు పెరుగుతుంది. ఆ ఉత్తరం గురించి పార్టీల్లో ఎవరూ చెప్పరు.

"అద్దెకుంటే ఈ గొడవ లేదుగా" అంటారు. ఇంటి ఓనరు ఆ పన్ను తన జేబులోంచి కడుతున్నాడా? అద్దెకిచ్చిన ఇంటికి ఆ స్కూలు పన్ను మినహాయింపు కూడా లేదు.

కాలిఫోర్నియాలో స్టాకులతో కలిపి ఏటా అయిదారు లక్షల డాలర్లు తెచ్చుకునేవాళ్ళకు డాలస్ మారితే లాభం నిజమే, వాళ్ళతో వాదించను. అయితే ఊరు మారితే ఆ ఊరి లెక్కన జీతం తగ్గించే కంపెనీలూ ఉన్నాయి. ముందు అది కనుక్కోవాలి.

అసలు తేడా మొత్తంలో కాదు, పన్ను ఎప్పుడు పడుతుందన్నదాంట్లో ఉంది. జీతం పన్ను జీతంతోపాటే పెరుగుతుంది, తగ్గుతుంది. లేఆఫ్ అయి ఆరు నెలలు ఖాళీగా ఉంటే కేరీవాళ్ళకు ఆ ఏడాది రాష్ట్ర పన్ను దానంతటదే దిగుతుంది. హెచ్‌1బీ వీసా మీదున్నవాడికైతే లేఆఫ్ తరవాత ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఉండేది మామూలుగా 60 రోజులే. ఇంటి పన్నుకు అవేవీ పట్టవు. టెక్సాస్‌లో గడువు జనవరి 31. కట్టకపోతే ఫిబ్రవరి 1న 6 శాతం జరిమానా, పైన 1 శాతం వడ్డీ.