గణక విద్య: ఏమి చేయాలి, ఎవరు చేయాలి

యాభై ఏళ్లు దాటిన తరువాత కొత్త భాష వంటబడుతుందా అని సహోద్యోగులు కొందరు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. వారు అడుగుతున్నది గోండీ గురించి కాదు, కంప్యూటరు భాషల గురించి. మా అనుభవాన్నే సమాధానంగా మనవి చేస్తున్నాము.

కళాశాలలో మేము ఫోర్‌ట్రాన్, తరువాత సి అభ్యసించాము. ఆ పద్ధతిలో ప్రోగ్రామంటే పనుల వరుస: చదువు, లెక్కించు, అచ్చువేయి. ఇటీవల మా అమ్మాయి ప్రోత్సాహంతో జావా ప్రారంభించాము. నెల రోజుల తరువాత మేము వ్రాసినది చూసి, "నాన్నగారూ, చొక్కా మార్చారు గాని మనిషి మారలేదు" అన్నది. నిజమే. ఒకే ఒక క్లాసు, దాని నిండా పాత ఫోర్‌ట్రానే!

గనిలో డంపర్లు షావెల్ వద్ద ఖనిజం నింపుకొని, క్రషరులో దించి తిరిగివచ్చే క్రమాన్ని ఇంటివద్ద అభ్యాసంగా తీసుకొన్నాము. 50 టన్నుల డంపర్లకు తోడు 100 టన్నుల డంపరును చేర్చవలసివచ్చినప్పుడు ఐదు చోట్ల మార్పు అవసరమైనది. నాలుగు చోట్ల మార్చి, ఒకటి మరచాము. యంత్రం ఏ తప్పునూ చూపలేదు. పెద్ద డంపరు ట్రిప్పుకు 50 టన్నులే దించినట్లు నిశ్చింతగా లెక్క కట్టింది. ఆగిపోయే ప్రోగ్రాము కంటె ఆగకుండా అబద్ధం చెప్పే ప్రోగ్రాము ప్రమాదకరమని ఆనాడు బోధపడినది.

అప్పుడు "ఏమి చేయాలి?" అనే ప్రశ్నను విడిచి, "ఎవరు చేయాలి?" అని ఆలోచించాము. డంపరు ఒక వస్తువు. తన సామర్థ్యమెంతో దానికే తెలుసు. "దించు" అని ఆజ్ఞాపిస్తే తన లెక్క తానే చూసుకొంటుంది. కొత్త రకం వస్తే దాని వివరం ఒక్కచోట వ్రాస్తే చాలును.

విశేషమేమంటే, ఈ భావన పుట్టినదే ఇటువంటి సమస్యల నుండి. 1960 దశకంలో ఓస్లోలోని నార్వే కంప్యూటింగ్ కేంద్రంలో క్రిస్టెన్ నీగార్డ్, ఓలె యోహాన్ డాల్ అనే శాస్త్రజ్ఞులు వరుసలలో నిరీక్షణ వంటి ప్రక్రియలను అనుకరించడానికి సిమ్యులా భాషను రూపొందించారు. క్లాసు, వారసత్వం అనే భావనలు 1967 నాటి దాని రూపంలో వచ్చాయి. 1979లో స్త్రౌస్‌ట్రప్ బెల్ లాబ్స్‌లో సి భాషకు క్లాసులు చేర్చనారంభించారు. అదే 1983లో సి ప్లస్ ప్లస్ అయినది. జావా 1995లో వెలువడినది.

పాత విద్య వ్యర్థమని మా అభిప్రాయం కాదు. ప్రతి వస్తువు లోపలా పనుల వరుస ఉండనే ఉన్నది. భారీ గణితానికి ఫోర్‌ట్రాన్ నేటికీ వాడుకలో ఉన్నది. మారవలసినది ఆలోచనకు ఆరంభస్థానమే.

బైలాడిలా అంటే ఎద్దు మూపురం. మన కొండకు ఆ పేరు పెట్టినవారు దాని నుండి ఏమి తవ్వవచ్చునో చూడలేదు, ముందు కొండను చూశారు. మీరును కీబోర్డు తాకేముందు, కాగితంపై వస్తువుల పేర్లు వ్రాసుకొని చూడండి. తప్పు దిద్దేవారు మీ పిల్లలే అయినా సంకోచించకండి. మాకు ఆ సంకోచమే అన్నిటికంటె కఠినమైన పాఠమైనది.

వచ్చే సంచికలో వారసత్వం గురించి ముచ్చటించుకొందాము.