తీరం మారే మరపడవకు రేవులో చోటేది?

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతం మరపడవల యజమానులకు నమ్మదగిన సముద్రం కాదు. ఒక వాయుగుండం తీరం దాటేలోగా మరొకటి రూపు దిద్దుకుంటుంది. రేవుల్లో ప్రమాద హెచ్చరిక సూచికలు ఎగురుతున్నంత కాలం పడవలు ఒడ్డునే ఉండవలసి వస్తుంది. వేట లేకపోయినా అప్పుపై వడ్డీ ఆగదు, కళాసీల బత్తా ఆగదు. సరిగ్గా ఆ నెలల్లోనే దేశానికి రెండో వైపున కొంకణ్ నుంచి సౌరాష్ట్ర వరకు నైరుతి రుతుపవనాలు తప్పుకొని, ఆకాశం తేటపడి, పొడి ఎండ కాస్తుంది. పశ్చిమ తీరంలో వేటకు అదే అనువైన కాలం. అటువంటప్పుడు తూర్పు తీరపు మరపడవ పడమటి తీరానికి తరలిపోతే నష్టమేమిటన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది.

సముద్రం ఒక్కటే కాబట్టి తరలింపు సులభమని పైకి అనిపిస్తుంది. కాని మరపడవ తీరం మార్చుకోవడంలో అసలు చిక్కు ప్రయాణంలో లేదు, ప్రయాణం ముగిసిన చోట ఉన్నది. కొత్త తీరం చేరిన పడవకు తాడు కట్టుకునేందుకు జెట్టీ కావాలి. చేపలు దించేందుకు, ఐసు, డీజిల్, మంచినీరు ఎక్కించుకునేందుకు అవకాశం కావాలి. వేట లేని రోజుల్లో నిలిచి ఉండేందుకు స్థలం కావాలి. దేశంలోని ఫిషింగ్ హార్బర్లలో కొరవడినది సరిగ్గా ఇదే.

పాంబన్ దాటితే గాని...

ముందుగా దారి సంగతి. విశాఖపట్నం నుంచో, చెన్నై నుంచో కొచ్చి వైపు వెళ్లే మరపడవకు రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి పాక్ అఖాతం నుంచి పాంబన్ కాలువ మీదుగా మన్నార్ సింధుశాఖలోకి వెళ్లడం. రెండోది శ్రీలంకను చుట్టి రావడం. పాంబన్ కాలువ లోతు తక్కువ కనుక పెద్ద నౌకలకు అది పనికిరాదు. చిన్న నౌకలు, చేపల పడవలు మాత్రం రేవు అధికారుల అనుమతితో రైలు వంతెన కిందుగా దాటుతాయి. 1914లో ప్రారంభమైన పాత వంతెన తన రెండు రెక్కలను పైకెత్తి పడవలకు దారి ఇచ్చేది. 2022 డిసెంబరులో దానిపై రైళ్ల రాకపోకలు నిలిపివేశారు. దాని పక్కన నిర్మించిన కొత్త వంతెనను 2025 ఏప్రిల్ 6న ప్రధాని నరేంద్ర మోడీ ప్రారంభించారు. ఇందులో 72.5 మీటర్ల పొడవున్న భాగం 17 మీటర్ల ఎత్తుకు నిలువుగా లేస్తుంది. పెద్ద నౌకలకు కూడా ఈ ప్రాంతం గుండా దారి తెరిచేందుకు 2005 జులైలో ఆరంభించిన సేతుసముద్రం పథకం మాత్రం వివాదాల నడుమ మధ్యలోనే నిలిచిపోయింది.

శ్రీలంకను చుట్టి వెళ్లడంలో ఇబ్బంది వేరు. 1974, 1976 ఒప్పందాలతో రెండు దేశాల మధ్య సముద్ర సరిహద్దు ఖరారైంది. శ్రీలంక 2017లో అడుగు వలల వేటను నిషేధించింది. మరుసటి సంవత్సరం విదేశీ పడవలపై జరిమానాలను భారీగా పెంచింది. కేవలం దారి వెంట పోతున్న పడవకు అంతర్జాతీయ చట్టం రక్షణ కల్పిస్తున్నది. అయితే వలలు, వించీలు ఉన్న పడవ వేటాడటం లేదని గస్తీ నౌకను నమ్మించడం తేలిక కాదు.

కాగితాల ప్రయాణం

దారి దొరికినా పడవ వెంట రావలసిన కాగితాలు అంత వేగంగా రావు. రాజ్యాంగం ప్రకారం మత్స్య పరిశ్రమ రాష్ట్రాల జాబితాలో ఉన్నది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు వేటపై అధికారం రాష్ట్రాలది. ఆపైన 200 మైళ్ల వరకు విస్తరించిన ప్రత్యేక ఆర్థిక మండలం కేంద్రానిది. కేరళ 1980లో, తమిళనాడు 1983లో, ఆంధ్రప్రదేశ్ 1994లో, గుజరాత్ 2003లో వేర్వేరుగా సముద్ర మత్స్య వేట చట్టాలు చేసుకున్నాయి. ఒక రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు మరో రాష్ట్రపు జలాల్లో వేటకు హక్కు ఇవ్వదు. శాశ్వతంగా తరలిపోయే యజమాని పాత రాష్ట్రంలో బకాయిలు చెల్లించి, నిరభ్యంతర పత్రం పొంది, కొత్త రాష్ట్రంలో మళ్లీ నమోదు చేయించుకోవాలి. మూడు నాలుగు నెలల కోసం వెళ్లేవారికి ఈ తతంగం గిట్టుబాటు కాదు.

2008 నవంబరులో ఉగ్రవాదులు గుజరాత్‌కు చెందిన కుబేర్ అనే చేపల పడవను స్వాధీనం చేసుకొని ముంబయి తీరానికి చేరిన తరువాత నిఘా సహజంగానే పెరిగింది. పడవలన్నిటికీ ఒకే తరహా నమోదు, మత్స్యకారులకు గుర్తింపు కార్డులు, రాష్ట్రాన్ని బట్టి పడవకు రంగులు అమలులోకి వచ్చాయి. దేశ భద్రత దృష్ట్యా ఇవి అవసరమే. అయితే వీటి వల్ల పొరుగు రాష్ట్రపు పడవ అల్లంత దూరం నుంచే పరాయిదిగా కనిపిస్తున్నది. రాయితీల విషయంలోనూ ఇదే పరిస్థితి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో లీటరుకు 9 రూపాయలకు పెంచిన డీజిల్ రాయితీ ఆ రాష్ట్రపు పడవలకు ఉద్దేశించినదే గాని, సొంత తీరం విడిచిన పడవ వెంట మరో రాష్ట్రానికి వెళ్లేది కాదు.

అందరూ ఒకేసారి ఒడ్డుకు

ఇక అసలు సమస్య రేవుది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2010లో జరిపిన గణన ప్రకారం దేశంలో చేపల వేటలో ఉన్న పడవలు సుమారు 1.94 లక్షలు. అందులో దాదాపు 37 శాతం పూర్తిస్థాయి మరపడవలు. మరో 37 శాతం ఇంజన్లు అమర్చిన చిన్న పడవలు. చేపలు ఒడ్డుకు చేరే కేంద్రాలు 1,511 ఉన్నప్పటికీ, వాటిలో అధిక భాగం ఇసుక తీరాలే. పెద్ద మరపడవ ఆని నిలవగల హార్బర్లు కొద్దిగానే ఉన్నాయి.

హార్బరులో చేపలు దించే చోటు, సామగ్రి ఎక్కించుకునే చోటు, ఖాళీగా నిలిపే చోటు వేర్వేరుగా ఉండాలి. పడవల్లో కొన్ని ఎప్పుడూ సముద్రంలో ఉంటాయన్న అంచనాతో జెట్టీ పొడవు నిర్ణయిస్తారు. కాని అన్ని పడవలూ ఒకేసారి ఒడ్డున ఉండే రోజులు ఏటా తప్పవు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జులై 31 వరకు 61 రోజుల చొప్పున వేట నిషేధం అమలవుతున్నది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున కూడా ఇదే పరిస్థితి. అప్పుడు పడవలను ఒకదాని పక్కన ఒకటిగా వరుసలు కట్టి తాళ్లతో బిగిస్తారు. లోపలి వరుసలోని పడవ కదలాలంటే బయటి పడవలన్నీ తప్పుకోవాలి.

ఈ ఇరుకు ఎంత ప్రమాదకరమో 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో రుజువైంది. ఒక పడవలో పుట్టిన మంట పక్కపక్కనే కట్టిన పడవలకు వ్యాపించి, 30కి పైగా మరపడవలు కాలిపోయాయి. వాటిలోని డీజిల్, వంటగ్యాస్ సిలిండర్లు మంటలకు ఆజ్యం పోశాయి. పడవ విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామని నాటి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. సొంత పడవలకే ఎడం ఇవ్వలేని రేవులో అతిథి పడవకు చోటెక్కడిదన్న ప్రశ్నకు ఆ రాత్రే సమాధానం చెప్పింది.

కొత్త రేవులో చోటు సంపాదించడానికి ఆచరణలో ఉన్న మార్గం ఒక్కటే. స్థానిక కమీషన్ ఏజెంటును ఆశ్రయించాలి. ఆయన జెట్టీ వద్ద చోటు చూపుతాడు, ఐసు, డీజిల్ అప్పుగా ఇప్పిస్తాడు. బదులుగా తెచ్చిన చేపలన్నీ ఆయన ద్వారానే వేలం వేయాలి. అంటే చోటుకు అద్దె రేవు పద్దులో కనిపించదు, చేపల ధరలో తరుగుతుంది. కొచ్చిలోని బోల్గట్టి దీవి వద్ద విహార నౌకల కోసం మెరీనా ఏర్పాటు చేశారు. అక్కడికి వచ్చిన నౌకకు కట్టుకునే చోటు, నీరు, విద్యుత్తు నిర్ణీత రుసుముపై లభిస్తాయి. చేపల పడవకు మాత్రం అటువంటి ఏర్పాటు లేదు.

తూత్తూరు అనుభవం

తీరం మారి నిలదొక్కుకున్నవారు లేకపోలేదు. తమిళనాడులోని కన్యాకుమారి జిల్లా తూత్తూరు పరిసర గ్రామాల మత్స్యకారులు లోతు సముద్ర వేటలో ఆరితేరినవారు. వీరి పడవలు చాలాకాలంగా కొచ్చి తదితర రేవులను ఆధారం చేసుకొని గుజరాత్ తీరం వరకు వెళ్లి వేటాడుతున్నాయి. సొంత జిల్లాలోని తేంగాపట్టణంలో హార్బరు నిర్మించినా, దాని మొగలో ఇసుక మేట వేయడం, అలల తాకిడికి పడవలు బోల్తా పడి ప్రాణనష్టం జరగడం వల్ల అది వారికి పూర్తి భరోసా ఇవ్వలేకపోయింది. పేరుకు రేవు ఉంటే చాలదని, లోపలికి క్షేమంగా రాగలగాలని ఆ అనుభవం చెబుతున్నది.

పరాయి రేవు విలువ 2017లో ఓఖీ తుపాను సమయంలో తెలిసివచ్చింది. నడి సముద్రంలో చిక్కుకున్న కేరళ, తమిళనాడు పడవలు 68, అందులోని 952 మంది మత్స్యకారులు మహారాష్ట్రలోని సింధుదుర్గ్ తీరానికి చేరి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ రోజు వారిని ఏ రాష్ట్రపు లైసెన్సు అని అడిగి వెనక్కు పంపినట్లయితే ఏమయ్యేదో ఊహించవచ్చు.

పడవ కదలదు, మనిషి కదులుతాడు

పడవకు చోటు లేనిచోట మనుషులే తరలిపోతున్నారు. 193 కిలోమీటర్ల తీరం ఉన్న శ్రీకాకుళం జిల్లాలో దశాబ్దాల తరబడి పూర్తిస్థాయి ఫిషింగ్ హార్బరు లేదు. మరపడవ కొన్నా నిలుపుకునే చోటు లేదు. ఫలితంగా ఆ జిల్లా మత్స్యకారులు ఏటా రైలెక్కి గుజరాత్‌లోని వేరావల్ చేరి, అక్కడి యజమానుల పడవల్లో కూలీలుగా పనిచేస్తున్నారు. 2018 నవంబరులో అటువంటివారు పాకిస్థాన్ అధికారులకు చిక్కి కరాచీ జైలు పాలయ్యారు. 2020 జనవరి 6న 20 మందిని వాఘా సరిహద్దులో భారత్‌కు అప్పగించారు. సొంత పడవతో, సొంత లెక్కతో వెళ్లగలిగినవారికీ, పరాయి పడవలో నెల జీతానికి వెళ్లేవారికీ మధ్య తేడా నైపుణ్యంలో లేదు. ఆ తేడా రేవులో ఉన్నది.

అయితే పడవల తరలింపునకు స్థానికులు చెప్పే అభ్యంతరాలను తోసిపుచ్చలేము. తమిళనాడు మరపడవలు తమ తీరానికి దగ్గరగా వచ్చి వలలు నాశనం చేస్తున్నాయని నెల్లూరు జిల్లా మత్స్యకారులు పలుమార్లు ఆందోళనకు దిగారు. నిషేధపు తేదీల తేడా మరో చిక్కు. ఏప్రిల్ 14 వరకు తూర్పున వేటాడిన పడవ మే 31 వరకు పడమట, జూన్ 15 తరువాత మళ్లీ తూర్పున వేటాడితే చేపల సంతతి రక్షణకు పెట్టిన విరామం అర్థరహితమవుతుంది. కనుక తీరం మార్చే పడవ ఆ ఏడాదికి ఏ తీరపు నిషేధాన్ని పాటిస్తుందో ముందే ప్రకటించి, ఆ మేరకు పూర్తి విరామం పాటించవలసిందే.

కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరులో ప్రత్యేక ఆర్థిక మండలంలో వేటకు కొత్త నిబంధనలు ప్రకటించింది. మరపడవలు రియల్‌క్రాఫ్ట్ పోర్టల్ ద్వారా రుసుము లేకుండా అనుమతి పొందాలి. ఇంజను లేని, చిన్న తరహా పడవలకు మినహాయింపు ఇచ్చారు. లోతు సముద్రానికి వెళ్లే హక్కు ఈ విధంగా జాతీయ స్థాయిలో సరళమైంది. కాని ఆ అనుమతి ఏ రేవులోనూ చోటు చూపదు. కొచ్చి, చెన్నై, విశాఖపట్నం, పారాదీప్, పెటువాఘాట్ హార్బర్లను ఆర్థిక కేంద్రాలుగా అభివృద్ధి చేస్తామని 2021-22 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. కేంద్ర నిధులతో విస్తరించే రేవుల్లో ఒక భాగాన్ని ఇతర రాష్ట్రాల పడవలకు నిర్ణీత రుసుముపై కేటాయించాలన్న షరతు పెట్టడం అసాధ్యమేమీ కాదు. ఖాళీల వివరాలను అదే పోర్టల్‌లో ఉంచితే ఏజెంటు దయ మీద ఆధారపడవలసిన అవసరం తగ్గుతుంది. తుపాను వేళ ఏ రాష్ట్రపు పడవకైనా ఏ రేవైనా ఉచితంగా ఆశ్రయమివ్వాలన్న నియమం కూడా రాతపూర్వకంగా ఉండాలి.

కొత్త హార్బర్లకు శంకుస్థాపనలు చేసేటప్పుడు స్థానికంగా నమోదైన పడవల సంఖ్యనే లెక్కలోకి తీసుకోవడం పరిపాటి అయింది. వచ్చిపోయే పడవలను, నిషేధ కాలంలో ఒకేసారి నిలిచే పడవలను కూడా ఆ లెక్కలో చేర్చనంత వరకు, ఎన్ని జెట్టీలు కట్టినా తీరం మారే మరపడవ యజమాని ముందుగా వెతికేది చేపలను కాదు, తాడు కట్టుకునే చోటునే.