మీ దేహానికి నప్పే పరిమళం ఏది?

పెళ్ళిళ్ళ కాలం దగ్గర పడగానే మా వైద్యశాలకు వచ్చే గృహస్థులు మందుతోపాటు మరొక సలహా కూడా అడుగుతూ ఉంటారు. "అయ్యా, ఏ సెంటు వాడితే మంచిది?" అని. అంబర్‌పేటలో నలభై సంవత్సరాలుగా వైద్యం చేస్తున్న నేను చాలాకాలం దీనికి ఒకే జవాబు చెప్పేవాడిని. "సీసాల సెంట్లు మానండి. చందనమో, వట్టివేళ్ళ అత్తరో వాడండి. ప్రకృతి ఇచ్చినది హాని చేయదు." ఈ జవాబులో సగమే నిజమున్నదని నాకు నేర్పినది గ్రంథం కాదు, ఒక రోగి.

ఆమె తార్నాక నుంచి వచ్చేది. చిరకాలంగా ఉబ్బసం. "ఇంటి దగ్గర కుదురుగానే ఉంటున్నదండీ. ఇక్కడికి వస్తేనే ఆయాసం మొదలవుతున్నది" అన్నది. దారిలోని ఆటోల పొగ అన్నాను. మెట్లెక్కిన అలసట అన్నాను. కషాయం మార్చినాను. నాలుగవసారి వచ్చినప్పుడు ఆమె మొహమాటపడుతూ, "ఏమీ అనుకోకండి, మీరు పూసుకునే అత్తరు నాకు పడటం లేదేమో" అన్నది. నాకు కష్టం తోచిన మాట నిజం. అది సింథటిక్ సెంటు కాదు, నేను ఏరికోరి తెచ్చుకున్న అసలు అత్తరు. అయినా మరుసటి వారం అత్తరు మానినాను, గదిలో ధూపం ఆపినాను. ఆమె హాయిగా కూర్చుని మాట్లాడి వెళ్ళినది. మందు ఏదీ మార్చలేదు. ఆమె వాడుతున్న ఇన్‌హేలరును మానవద్దని మాత్రం చెప్పినాను.

అప్పటినుంచి పరిమళం గురించి అడిగినవారికి రెండు మాటలు చెబుతున్నాను. ఒకటి, మీ దేహానికీ కాలానికీ తగినది ఎంచుకోండి. రెండు, మీ పక్కన ఊపిరి పీల్చేవారిని మరువకండి.

మొదటి మాటకు శాస్త్రం తోడున్నది. చరక సంహిత సూత్రస్థానం అయిదవ అధ్యాయంలో గంధమాల్యధారణ దినచర్యలో భాగంగా చెప్పబడినది. అది మనసుకు ప్రసన్నతను, దేహానికి పుష్టిని ఇస్తుందని ఆచార్యుల అభిప్రాయం. ఆరవ అధ్యాయంలో ఋతువును బట్టి పూత మారుతుంది. హేమంతంలో ఉష్ణగుణం గల అగరు, వసంతంలో చందనమూ అగరూ, గ్రీష్మంలో చల్లని చందనం. గురుకులంలో మా గురువుగారు వేసవి ఉదయాన సాన మీద గంధం అరగదీయిస్తూ, "గంధం ముక్కుకు కాదురా, ముందు చర్మానికి" అనేవారు.

విచిత్రమేమంటే ఈ ఋతుచర్య చరకం చదవనివారి చేతుల్లో కూడా భద్రంగా ఉన్నది. చార్మినారు, పత్తర్‌గట్టీ ప్రాంతాల అత్తరు దుకాణాలకు వెళ్ళి చూడండి. వేసవిలో చల్లదనానికి ఖస్సు, గులాబు. చలికాలంలో వెచ్చదనానికి శమామా, ఊదు. ఖస్సంటే మన వట్టివేరు, శాస్త్రంలోని ఉశీరం. ఊదంటే మన అగరు. చెట్టుకు బూజు సోకినప్పుడు దాని కాండంలో ఊరే జిగురు ఆ సువాసనకు మూలం. పేర్లు వేరు, అనుభవం ఒకటే.

దేహతత్త్వాన్ని బట్టి కూడా ఎంపిక ఉన్నది. వేడి శరీరం, చెమట ఎక్కువగా గల పిత్తప్రకృతివారికి చందనం, వట్టివేరు, గులాబీ అనుకూలం. పొడిచర్మం, చలికి ముడుచుకునే స్వభావం గల వాతప్రకృతివారికి అగరువంటి వెచ్చని పరిమళాలు తగును. కఫప్రకృతివారికి బరువైన తియ్యని వాసనలకన్న తేలికైనవి మేలు. శాస్త్రం మాట అట్లా ఉంచి మీరే గమనించండి. జిడ్డుచర్మం మీద పరిమళం ఎక్కువసేపు నిలుస్తుంది. పొడిచర్మం మీద త్వరగా ఎగిరిపోతుంది. అందువల్లనే స్నేహితురాలి ఒంటిమీద బాగున్న సెంటు మీ ఒంటిమీద అట్లాగే ఉండాలని నియమం లేదు.

ఇక "సహజం" అనే మాటను గుడ్డిగా నమ్మరాదు. గులాబీ, లవంగం, దాల్చిన నూనెలలోని కొన్ని పదార్థాలే కొందరి చర్మానికి దద్దురు తెప్పిస్తాయి. బెర్గమాట్ వంటి నిమ్మజాతి నూనెలు పూసుకుని ఎండలో తిరిగితే చర్మంపై నల్లని మచ్చలు రావచ్చును. యూరోపియన్ యూనియన్ 2003లోనే 26 సుగంధ పదార్థాల పేర్లను లేబులు మీద ముద్రించాలని నిర్ణయించి, 2023లో ఆ జాబితాను ఎనభైకి పైగా పెంచినది. వాటిలో మొక్కల నుంచి వచ్చేవీ అనేకం. పైగా కనౌజు పద్ధతిలో రాగిపాత్రలో పూలను ఉడికించి, ఆ ఆవిరిని చందనతైలంలోకి పట్టడం సంప్రదాయం. చందనం ధర పెరిగిన పిమ్మట లిక్విడ్ పారఫిన్ వంటివి కలిపిన అత్తర్లు కూడా అమ్ముతున్నారు. తక్కువ ధరకు "అసలు చందనపు అత్తరు" అంటే సందేహించవలసినదే.

మా పేట పేరులో అంబర్ ఉన్నది కనుక మరొక మాట. పేటకూ ఆ సుగంధానికీ చుట్టరికం ఉన్నదని నేను అనను. తిమింగలం నుంచి లభించే అంబరు, కస్తూరి మృగం నుంచి తీసే కస్తూరి మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోనివి. అసలైనవని ఎవరైనా చాటుగా అమ్మజూపితే కొనకండి.

దుకాణంలో సీసా మూత దగ్గర వాసన చూసి డబ్బు చెల్లించేవారు చాలామంది. అది పొరపాటు. మొదట గుప్పుమనేది కొద్ది నిమిషాల్లో పోతుంది. ఒంటిమీద మిగిలేది తరువాతి పరిమళం. మణికట్టుపై ఒక చుక్క రాసుకుని ఇంటికి వెళ్ళిపోండి. సాయంత్రం కూడా నచ్చితేనే మరునాడు కొనండి. ఒకే రోజున రెండు మూడింటికి మించి చూస్తే ముక్కు తేడా గ్రహించలేదు. కొత్తదానిని మోచేతి మడతలో కొద్దిగా రాసి రెండు రోజులు గమనించండి. దురద గాని ఎరుపు గాని కనబడితే వదలివేయండి. పసిబిడ్డల దగ్గర కర్పూరం, పుదీనా సారం వంటి ఘాటైనవి వాడరాదు.

ఇక రెండవ మాట. మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయ ప్రాంతంలో దారి తెలియక తిరుగుతూ, గాలిలో తేలివచ్చిన తాంబూల పరిమళాన్ని బట్టి అక్కడ మనుష్యులున్నారని గ్రహిస్తాడు. మన రాకను మనకన్న ముందు తెలిపేది పరిమళం. కాని పూసుకున్నవారి ముక్కు కొద్దిసేపటికే దానికి అలవాటుపడుతుంది. "వాసన పోయినది" అనుకుని వారు మళ్ళీ పూసుకుంటారు. పక్కవారికి అది రెట్టింపవుతుంది.

ఉదయం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో నడుస్తున్నప్పుడు బాడీ స్ప్రే గుప్పించుకున్న యువకులు ఎదురవుతారు. వారిని నేను నిందించను. నా గదిలోనే నేను ఆ పని చేసినవాడిని. చేయి చాచినంత దూరంలో ఉన్నవారికి మాత్రమే తెలిసేటంత పరిమళం చాలు. బస్సులో, తరగతి గదిలో, రోగిని చూడబోయినప్పుడు అదీ వద్దు. ఇంట్లో ఉబ్బసం గలవారుంటే ముందుగా వారిని అడిగి పూసుకోండి.

నేను ఇప్పటికీ అత్తరు ప్రియుడినే. అయితే అది వైద్యశాల తలుపులు మూసి, ఇంటికి వచ్చి స్నానం చేసిన తరువాత.